ఒకటిన్నర శ్రుతి

స్టూడెంట్స్ యూనియన్ పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చారు. "సావనీరుకి మీ రోజుల నాటి ముచ్చట ఏదైనా రాసివ్వండి సార్, ఓ నాలుగు పేజీలు చాలు" అన్నారు. ముచ్చట్లకేం, చాలానే ఉన్నాయి. కాని హాస్టల్ సాంబారు మీదా, పరీక్షల ముందు రాత్రుళ్ల మీదా నాకంటే బాగా రాసినవాళ్లు ఈ పేజీల్లోనే ఉన్నారు. నా దగ్గర మిగిలింది ఒక బాకీ. 1978 ఫిబ్రవరిలో, కాలేజీ డే నాడు, ఇదే యూనియన్ వేసిన వేదిక మీద నేనొక పాటని పాడుచేశాను. పాడుచేసింది నేను. నింద మోసింది ఇంకొకడు. అప్పుడు ఆ హాల్లో కూర్చున్న పాత విద్యార్థులు కొందరైనా ఈ సంచిక చూస్తారు గనక, ఆ మాట ఇక్కడే ఒప్పుకోవడం న్యాయం.

ఆ ఇంకొకణ్ణి హాస్టల్లో అందరం 'దొర' అనేవాళ్లం. బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్ కుర్రాడు. తండ్రి ఇంజను డ్రైవరు. రంగులో నాకంటే ఒక పిసరు తక్కువే గాని, బూట్లు లేకుండా మెస్సుకి కూడా వచ్చేవాడు కాదు. అందుకని దొర. అతను కెమిస్ట్రీ, నేను ఫిజిక్సు. ఎమ్మెస్సీ రెండేళ్లూ ఒకే గది. అతని మంచం కింద గిటారు, నా మంచం కింద ఫిడేలు. నాకు మా తాతగారు పదేళ్లపాటు దగ్గర కూచోబెట్టుకుని నేర్పారు. అతనికి ఎవరు నేర్పారని అడిగితే రేడియో వంక చూపించేవాడు.

నిజంగానే రేడియో. రాత్రి గదిలో దీపం ఆర్పేశాక షార్ట్‌వేవ్ మీద ముల్లు అటూ ఇటూ తిప్పి వాయిస్ ఆఫ్ అమెరికా పట్టేవాడు. 1955 నుంచీ విల్లిస్ కోనోవర్ అనే ఆయన అందులో జాజ్ కార్యక్రమం నడిపేవారు. ఆయన ఇంగ్లీషు మాలాంటివాళ్లకి కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా ఉండేది. మొదట్లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం 'టేక్ ది ఎ ట్రైన్' వాయించేది. ఆ మోత వినగానే నేను దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. త్యాగయ్యగారి కీర్తన తప్ప మరొకటి సంగీతమే కాదనుకునే వయసు నాది.

ఒక రాత్రి ముసుగులోంచే చెవి బయటపెట్టాల్సి వచ్చింది. సాక్సోఫోను మీద ఒక నెమ్మది పాట. ఎవరో పెద్దమనిషి అర్ధరాత్రి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుంది. దొర చెప్పాడు. పాట పేరు 'బాడీ అండ్ సోల్'. స్వరం కట్టింది జానీ గ్రీన్, 1930లో. ఆయన హార్వర్డులో ఎకనామిక్సు చదివినవాడు. వాయిస్తున్నది కోల్‌మన్ హాకిన్స్. ఐదేళ్లు యూరపులో తిరిగి 1939లో న్యూయార్కు వచ్చి, ఆ ఏడు అక్టోబరు 11న ఈ రికార్డు ఇచ్చాడు. మొత్తం మూడు నిమిషాలు. మొదట్లో కాసేపు పాటని పలకరించి, ఆ తరవాత దాన్ని వదిలేసి తన దారిన తను పోయాడు.

"మరి పాటేదిరా?" అన్నాను.

"పాట కింద ఉంది మ్యాన్. పైన వెతక్కు" అన్నాడు దొర.

ఆ మాట నాకు బోధపడ్డానికి నలభై ఏళ్లు దాటింది.

సంగీతం తెలియని పాఠకుల కోసం ఇక్కడో రెండు మాటలు చెప్పాలి. మన కచేరీలో తంబురా ఉంటుంది. షడ్జమం మొదటి కీర్తనకి ఎక్కడుందో మంగళం దాకా అక్కడే. గాయకుడు ఎంత దూరం తిరిగొచ్చినా ఇల్లు కదలదు. వాళ్ల సంగీతంలో అలా కాదు. పాట కింద కార్డులు నడుస్తుంటాయి. కార్డంటే పోస్టు కార్డు కాదు, మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా పలికించడం. ఒక కార్డు మీద హాయిగా కూచున్న స్వరం, కింద కార్డు మారేసరికి ముల్లు మీద కూచున్నట్టవుతుంది. ఈ కార్డుల నడకనే హార్మనీ అంటారు. జాజ్ విద్వాంసుడు అప్పటికప్పుడు ఎంత కల్పన చేసినా ఆ నడకని దాటడు. మన స్వరకల్పన తాళాన్ని దాటనట్టే.

ఇంకో విశేషం. ఈ పాటని వాళ్లు మామూలుగా వాయించేది డి ఫ్లాట్‌లో. మన లెక్కలో ఒకటిన్నర శ్రుతి. మా తాతగారు నా ఫిడేలుకి కట్టి ఇచ్చిన శ్రుతి కూడా ఒకటిన్నరే!

"చూశావా మ్యాన్, ఇది నీ కోసం కట్టిన పాట" అన్నాడు దొర. గిటారుకి మాత్రం అది చచ్చే శ్రుతి. దాని ఆరు తీగల్లో తెరిచి మీటితే ఆ మేళంలో కలిసే తీగ ఒక్కటీ లేదు. ప్రతి కార్డుకీ చూపుడువేలు అడ్డంగా నొక్కిపెట్టాలి. నా కోసం అతను ఆ కష్టానికి ఒప్పుకున్నాడు. ఈ సంగతి నేనప్పుడు గమనించనే లేదు.

కాలేజీ డేకి ఇద్దరం ఆ పాట వాయిద్దామనుకున్నాం. నెల రోజుల సాధన. మొదటి భాగం నాకు తేలిగ్గానే పట్టుబడింది. పెద్దగా చూస్తే శంకరాభరణం స్వరాలే. గమకం తగ్గించి, నిలకడగా లాగితే చాలు. మధ్యలో ఒక ముక్క మాత్రం ఎప్పుడు వాయించినా చేదుగా వచ్చేది. "అక్కడ శ్రుతి మారుతుంది" అని దొర చెబుతూనే ఉన్నాడు. "రేపు చూద్దాంలే" అంటూ నేను ఆ రేపుని కాలేజీ డే దాకా నెట్టాను.

పైగా ఆ రోజు నేనింకో ఘనకార్యం చేశాను. వేదిక మీదికి శ్రుతిపెట్టె తెప్పించాను. అప్పటికి ఎలక్ట్రానిక్ పెట్టెలు రాలేదు, తిత్తి ఊదే రకం. ఒక జూనియర్ని కూచోబెట్టి, షడ్జమ పంచమాలు తెరిచి, "ఏం జరిగినా ఆపకు" అని చెప్పాను.

"వద్దు మ్యాన్" అన్నాడు దొర. "ఎనిమిది ఆవర్తనాల పాటు అది అడ్డం పడుతుంది."

"శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు మా పెద్దలు. తల్లి మారుతుందట్రా?" అన్నాను. చుట్టూ ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో నలుగురు చప్పట్లు కొడితే ఇక తర్కం అక్కర్లేదు.

మొదటి పదహారు ఆవర్తనాలు బాగానే నడిచాయి. ముందు వరసలో మేడమ్ ఒకావిడ కళ్లు మూసుకుని వింటున్నారు కూడా. పదిహేడో ఆవర్తనంలో దొర చెయ్యి అరమెట్టు పైకి, డి మేజరుకి జరిగింది. నేను జరగలేదు. శ్రుతిపెట్టె అసలే జరగలేదు. అతని కొత్త షడ్జమం ఒక పక్క, నా పాత షడ్జమం ఇంకో పక్క. ఒకటి సెకనుకి సుమారు 277 కంపనాలు, మరొకటి 294. తేడా పదిహేడు విస్పందనాలు. అకౌస్టిక్సు ల్యాబులో శ్రుతి దండాలు మోగించి ఇదే లెక్క కట్టి నేను మంచి మార్కులే తెచ్చుకున్నాను. హాల్లో జనానికి మాత్రం అది రంపంతో రేకు కోస్తున్నట్టు వినబడింది. నా ఫిడేలు తెరిచిన పంచమం తీగ కూడా పక్కనుంచి తన వంతు సాయం చేస్తూ మోగింది.

దొర కళ్లతో జూనియర్ వైపు సైగ చేశాడు, ఆపమని. ఆ పిల్లవాడు ఇంకా గట్టిగా ఊదమన్నాడనుకున్నాడు. ఊదాడు. ఈలలు మొదలయ్యాయి. నిమిషానికి అరవై దెబ్బల నడకలో ఎనిమిది ఆవర్తనాలంటే అరనిమిషం దాటుతుంది. అరనిమిషం ఎంత పొడుగుంటుందో వేదిక మీద నిలబడ్డవాడికే తెలుస్తుంది. చివరికి పాట ఇల్లు చేరింది. శ్రోతల్లో సగం మంది అప్పటికే క్యాంటీను చేరారు.

తెర వెనక మా లెక్చరర్ ఒకాయన "ఏమైందోయ్?" అని అడిగారు.

"గిటారు శ్రుతి దిగిపోయింది సార్" అన్నాను.

దొర నా వెనకే నిలబడి గిటారుకి గుడ్డ తొడుగు వేస్తున్నాడు. బొత్తాములు పెడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతే. ఒక్క మాట అనలేదు. మర్నాటికి హాస్టలంతా 'శ్రుతి లేని దొర' అయిపోయింది. బాత్రూముల దగ్గర, మెస్సు వరసలో, అందరి నోటా అదే మాట. నేనూ నవ్వాను. పరీక్షలు అయిపోయేదాకా ఆ గిటారు మంచం కిందనుంచి బయటికి రాలేదు. రాత్రి రేడియో కూడా పెట్టలేదు.

గది ఖాళీ చేసే రోజున నా ఫిడేలు పెట్టెలో, రోజను బిళ్ల పెట్టుకునే అరలో, మడత పెట్టిన గ్రాఫు కాయితం ఒకటి కనబడింది. అతనిదని తెలుసు. తెరిస్తే నా తప్పు అందులో రాసి ఉంటుందని కూడా తెలుసు. తెరవలేదు. 1980లో అతని కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయిందని విన్నాను. అక్కడితో ఆ అధ్యాయం మూసేశాననుకున్నాను.

ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఫిజిక్సు పాఠాలు. ఫిడేలు నవరాత్రులకి బయటికొచ్చి మళ్లీ పెట్టెలోకి పోయేది. 2020లో లాక్‌డౌను వచ్చింది. రిటైరైన మనిషి, గడప దాటడానికి లేదు. ఒక మధ్యాహ్నం పెట్టె తీసి రోజను వెతుక్కుంటుంటే కాయితం చేతికి తగిలింది. మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఈసారి తెరిచాను.

అందులో తిట్లు లేవు. నా తప్పు గురించి ఒక్క మాట లేదు. పెన్సిలుతో పాట మొత్తం గీశాడు. గ్రాఫు గడి ఒక్కోటి ఒక్కో దెబ్బ. ముప్ఫై రెండు ఆవర్తనాలు నాలుగు వరసల్లో: పల్లవి లాంటి భాగం ఎనిమిది, మళ్లీ అదే ఎనిమిది, మధ్య వంతెన ఎనిమిది, చివర పల్లవి ఎనిమిది. కార్డుల పేర్లు నాకు తెలియవని ప్రతి కార్డునీ నా షడ్జమం నుంచి లెక్కగట్టి స్వరాల్లో రాశాడు. కర్ణాటక సంగీతం రానివాడు, నా కోసం పదహారు స్వరస్థానాల పేర్లూ ఎక్కడో కనుక్కుని మరీ రాశాడు. ఆ కాయితం చెప్పిన పాఠం ఇది. జాజ్ వాయించాలని ఉన్న విద్యార్థులు మన కాలేజీలో ఇప్పుడు ఉన్నారని విన్నాను గనక వివరంగానే రాస్తాను. రికార్డుకీ రికార్డుకీ కార్డుల్లో చిన్న మార్పులుంటాయి గాని ఎముకల గూడు ఇదే.

మొదటి సంగతి: ఈ పాట ఇంట్లో మొదలు కాదు. షడ్జమం కార్డు మీద కాకుండా రిషభం కార్డు మీద, అంటే వీధిలో మొదలవుతుంది. ఇల్లు చేరేది మూడో ఆవర్తనంలో. ఆ దారిలో ముఖ్యమైన మెట్లు మూడు. రి-మ-ధ-స ఒక కార్డు, ప-ని-రి-మ రెండోది, స-గ-ప-ని మూడోది. జాజ్ పాటల్లో సగం ఈ మూడు మెట్ల మీదే నడుస్తాయంటే అతిశయోక్తి కాదు. మొత్తం పన్నెండు స్వరాలు. వాటిలో రెండు జతలకే దొర ఎర్ర పెన్సిలుతో గీతలు కలిపాడు. మొదటి కార్డులోని 'స' అరమెట్టు దిగితే రెండో కార్డులోని 'ని'. రెండో కార్డులోని 'మ' అరమెట్టు దిగితే మూడో కార్డులోని 'గ'. ఈ రెండు దిగుళ్లు వినిపిస్తే చాలు, మిగతా స్వరాలు లేకపోయినా చెవి మూడు కార్డుల్నీ ఊహించుకుంటుంది. వీటిని గైడ్ టోన్లంటారు. దారి చూపించే స్వరాలు.

రెండో సంగతి: అన్యస్వరాలు. మొదటి ఆవర్తనంలోనే శుద్ధ రిషభం ఉన్న కార్డు ఒకటి తగులుతుంది. శంకరాభరణంలో దానికి చోటు లేదు. అయినా ఎందుకొచ్చింది? పక్కనున్న చతుశ్రుతి రిషభంలోకి మనల్ని నెట్టడానికి. ఆరో ఆవర్తనంలో శుద్ధ ధైవతం వస్తుంది, చతుశ్రుతి ధైవతంలోకి నెట్టడానికి. నాలుగు, ఐదు ఆవర్తనాల్లో అడుగు స్వరం అంతర గాంధారం, సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం అని ఒక్కో అరమెట్టే దిగుతుంది, ముసలాయన చేతికర్రతో మెట్లు దిగినట్టు. భాషాంగ రాగాల్లో అన్యస్వరం ఊరికే రాదని మా తాతగారు చెప్పేవారు. వచ్చిన పని చూసుకుని పోతుంది. ఇక్కడా అదే మర్యాద.

మూడో సంగతి, నా పరువు తీసిన వంతెన. పాట అరమెట్టు పైకి, డి మేజరుకి వెళుతుంది. అక్కడ నాలుగు ఆవర్తనాలు. ఆ తరవాత ఆ మేజరు కార్డులోనే గాంధారమూ నిషాదమూ చెరో అరమెట్టు దిగి అది మైనరు అవుతుంది. ఆ మైనరు కార్డు సి మేజరుకి రిషభం కార్డు. అంటే మళ్లీ వీధిలోంచి ఇంకో ఇంటికి దారి. ఈసారి మన ఇంటికి అరమెట్టు కింద. అటు పక్కింట్లో కాసేపు, ఇటు పక్కింట్లో కాసేపు. చివరి ఆవర్తనంలో మూడు కార్డులు అరమెట్టు చొప్పున జారుతాయి. వాటి అడుగు స్వరాలు కాకలి నిషాదం, కైశికి నిషాదం, ధైవతం. ఆ ధైవతం కార్డు మనకి తెలిసినదే. మొదటి ఆవర్తనంలో శుద్ధ రిషభంతో నెట్టినది. మళ్లీ అదే నెట్టుడు, మళ్లీ రిషభం కార్డు, మళ్లీ మన వీధి.

ఈ వంతెన మొదట్లో, గడుల పైన, దొర తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం రాశాడు: "నీ స పారేయకు. పేరు మార్చు."

ఆ వాక్యం ముందు నేను చాలాసేపు కూచున్నాను. తరవాత రెండు మేళాల స్వరాలూ పక్కపక్కన వేసుకుని చూశాను. ఒకటిన్నర శంకరాభరణానికీ, అరమెట్టు పైనున్న శంకరాభరణానికీ ఉమ్మడి స్వరాలు సరిగ్గా రెండే. నా షడ్జమం అక్కడ కాకలి నిషాదం. నా మధ్యమం అక్కడ అంతర గాంధారం. కింది ఇంటితోనూ ఉమ్మడి స్వరాలు రెండే. నా నిషాదం అక్కడ షడ్జమం, నా గాంధారం అక్కడ మధ్యమం. దారి చూపించే ఆ నాలుగు స్వరాలే మళ్లీ!

అంటే 1978లో నేను పట్టుకు వేళ్లాడిన షడ్జమం తప్పు స్వరం కాదు. దాన్ని ఇంకా షడ్జమమే అనుకుని దాని మీద కూచోవడం తప్పు. అక్కడది నిషాదం. నిషాదానికి పైకెక్కాలని ఉంటుంది. ఒక్క అరమెట్టు ఎక్కనిచ్చి ఉంటే పాట నాతో పాటు వంతెన దాటేది. ఒకే మనిషి పుట్టింట్లో కూతురు, అత్తింట్లో కోడలు. మనిషి మారదు, పిలుపు మారుతుంది, పిలుపుతో పాటు నడవడి మారుతుంది. "తల్లి మారుతుందట్రా?" అని వాదించిన నాకు ఇంత చిన్న సంగతి తోచలేదు. మన గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి షడ్జమం మారితే మోహనంలోంచి మధ్యమావతి పుడుతుందని తెలిసినవాణ్ణే. తెలిసింది వేరు, చెవికెక్కింది వేరు.

తంబురాని నేను తక్కువ చేయడం లేదు. తంబురా కదలదు గనకే మన గమకానికి అంత లోతు. తప్పు శ్రుతిపెట్టెది కాదు, పిలవని పేరంటానికి దాన్ని లాక్కెళ్లిన నాది.

ఇక సాధన. అదీ కాయితం అడుగున వరసగా రాశాడు. ముందు పాట బట్టీ పట్టు. తరవాత కార్డుల అడుగు స్వరాలు మాత్రమే పాడు. తరవాత దారి చూపించే స్వరాలు మాత్రమే పాడు. తరవాత వాయించు, కార్డుకి ఒక్క స్వరం, రెండోది లేదు. విసుగొచ్చేదాకా అలా వాయించాక అప్పుడు అలంకారం. విసుగు నాకు మూడో రోజే వచ్చింది. అయినా మానలేదు, లాక్‌డౌను గనక. పాట నెమ్మదిగా ఉంటే తేలికనుకుంటాం. వేగంలో తప్పు జనంలో దొంగలా తప్పించుకుంటుంది. నెమ్మది పాటలో ఒక్కో కార్డు రెండేసి సెకన్లుంటుంది. తప్పు స్వరం నడివీధిలో పట్టపగలు నిలబడినట్టే. తెరిచిన తీగలు ముట్టుకోకుండా వంతెన దాటడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

అప్పుడు ఫోనులో హాకిన్స్ రికార్డు మళ్లీ విన్నాను. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తమ జాతీయ రికార్డుల జాబితాలో చేర్చిన ఆ మూడు నిమిషాలే. రెండు చుట్లు, అరవై నాలుగు ఆవర్తనాలు. ఆయన ఎక్కడికీ పోలేదు. ఒక్కో కార్డులోని స్వరాలు విడదీసి, కిందికీ పైకీ అల్లుకుంటూ, రెండో చుట్టులో పైపైకి ఎక్కుతూ, ప్రతి మలుపులోనూ దారి చూపించే స్వరం మీద ఒక వేలు ఆనించే ఉంచాడు. పాట కిందే ఉంది. దొర చెప్పినట్టే.

2021లో మా బ్యాచివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో అతని నంబరు పెట్టారు. పెర్త్‌లో ఉన్నాడు. రెండు రోజులు నంబరు చూస్తూ కూచుని, మూడో రోజు చేశాను. గొంతు మారింది. "ఏం మ్యాన్, రోజను దొరికిందా?" అన్నది మొదటి మాట.

ముందే రాసి పెట్టుకున్న వాక్యం చెప్పేశాను. "ఆ రోజు నీ గిటారు శ్రుతి బాగానే ఉందిరా."

"తెలుసు మ్యాన్. పొద్దున్నే కట్టాను కదా" అన్నాడు.

తరవాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. అప్పటికి రెండేళ్ల కిందట అతనికి పక్షవాతం వచ్చిందట. నడుస్తున్నాడు గాని ఎడమ చేతి వేళ్లు కార్డు పట్టవు. గిటారు మనవడికిచ్చేశాడు. ఫిడేలు తెమ్మన్నాడు. ఫోను బల్ల మీద పెట్టాను. అతను అడుగు స్వరాలు గొంతుతో పాడడం మొదలెట్టాడు, కార్డుకి ఒకటి. నేను పైన వాయించాను. ఫోనులో శబ్దం వెళ్లి రావడానికి ఆలస్యం ఉంటుంది. అతని పాట విని నేను వాయిస్తే నాకు సరిగ్గా కలుస్తుంది, అతనికి మాత్రం నేను అరసెకను వెనక వినబడతాను. ఆ మాటే చెప్పాను. "నలభై మూడేళ్లు ఆగాను మ్యాన్, అరసెకను ఆగలేనా?" అన్నాడు.

పదిహేడో ఆవర్తనం వచ్చింది. అతని గొంతు అరమెట్టు పైకి జరిగింది. నా షడ్జమం మీద వేలు అలాగే ఉంచి, పేరు మార్చి, పైకి జరిపాను.

ముప్ఫై రెండో ఆవర్తనం అయ్యాక అతను అన్నది ఒక్కటే. "మొదటి పదహారు అప్పుడే బాగా వాయించావు మ్యాన్, తెలుసా? ఎవరూ చెప్పలేదు నీకు."

అది నిజమో, మర్యాదో నేనడగలేదు. ఆ గ్రాఫు కాయితానికి నకళ్లు తీయించి ఒకటి మన కాలేజీ లైబ్రరీకి ఇచ్చాను. కావలసిన పిల్లలు చూసుకోవచ్చు. అసలుది మాత్రం ఇవ్వలేను. రోజను పక్కనే ఉంది.